నాలుగు ఫ్యాన్ల బండిలో నేను పెట్టిన రిలే

2009వ సంవత్సరం, అక్టోబరు నెల. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లెకు పోయే దారిలో నా స్టెబిలైజర్ల షాపు. షాపంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక షట్టరు, ఒక బల్ల, దాని మీద సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు, వెనక గోడకు రాగి తీగ చుట్టలు. అప్పటికి పద్దెనిమిదేళ్లుగా ఆ బల్ల ముందే కూర్చుని ఉన్నాను. పని మీద నాకు గర్వం జాస్తి. చేసిన పాపం చెబితే పోతుందంటారు గానీ, పోదని నాకు బాగా తెలుసు. అయినా ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

ముందు మా పని గురించి రెండు మాటలు చెప్పాలి. తొంభైల్లో మా వైపు ఇళ్లకు రావలసిన కరెంటు రెండు వందల ముప్పై వోల్టులు. పల్లెల్లో బోరు మోటార్లన్నీ ఒకేసారి వేశారంటే అది నూట యాభైకి పడిపోయేది. టీవీలో బొమ్మ చిక్కిపోయేది, ఫ్రిజ్జు మూలిగేది. స్టెబిలైజరు చేసే పని ఆ తగ్గిన వోల్టేజీని పెంచి ఇవ్వడం. మరీ పెంచలేనంతగా తగ్గితే, వస్తువు కాలిపోకుండా కరెంటునే ఆపేస్తుంది. దాన్ని మేము లో కట్ అంటాం. ఆపే భాగం పేరు రిలే, అంటే కరెంటుతో దానంతటదే పనిచేసే స్విచ్చి.

నేను పని నేర్చుకున్నది పుంగనూరులో ఒక మోటార్ రివైండింగ్ షాపులో. మా గురువు చదువు లేని మనిషి, పనిలో మాత్రం రాక్షసుడు. "ఆగింది మళ్లీ నడుస్తాది, కాలింది నడవదు రా" అనేవాడు రోజుకు పదిసార్లు. ఆ మాట నా ఒంట్లో రక్తంలా కలిసిపోయింది. లో కట్ లేని స్టెబిలైజరు పెట్టె నా చేతి నుంచి ఒక్కటీ పోలేదు. కొనేవాడు అడిగినా పెట్టేవాణ్ణి, అడక్కపోయినా పెట్టేవాణ్ణి. లోపల ఏముందో వాళ్లకు చెప్పే అలవాటు మాత్రం లేదు. చెబితే అర్థమవుతుందా, చస్తుందా అనుకునేవాణ్ణి.

ఆ అక్టోబరులో ఒక మధ్యాహ్నం, నలభై ఏళ్ల మనిషి ఒకాయన రాగుల గోతాన్ని రెండు చేతులతో పసిబిడ్డను ఎత్తుకున్నట్టు తెచ్చి బల్ల మీద దించాడు. పేరు నారాయణప్ప. కుప్పం అవతల అడవి అంచు పల్లె. ఐటీఐ చదివి బెంగళూరులో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాడట. అది మూతబడ్డాక ఊరికి వచ్చి చెరుకు, రాగి వేసుకుంటున్నాడు. పుంగనూరులో మా గురువు షాపు వాళ్లే నా దగ్గరికి పంపించారు.

గోతంలోంచి ఆయన తీసిన వస్తువును నేను అంతకు ముందు చూడలేదు. అడ్డంగా కూర్చిన రెండు అల్యూమినియం పట్టీలు, నాలుగు కొసలకు నాలుగు చిన్న మోటార్లు, వాటికి ప్లాస్టిక్ రెక్కలు. నడుమ ఒక బోర్డు, బ్యాటరీ, కింద వేలెడంత కెమెరా. ఇప్పుడు చిన్నపిల్లలు కూడా డ్రోన్ అంటారు. అప్పట్లో ఆ మాట మాకు తెలీదు. నారాయణప్ప దాన్ని ఫ్యాన్ల బండి అనేవాడు. మోటార్లూ బోర్డూ బెంగళూరులో కొని, మిగిలిందంతా ఇంటి దగ్గర సొంతంగా కూర్చాడు.

"ఆటకా నారాయణప్పా?" అన్నాను. ఎగతాళిగానే అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఆటకు కాదు నా. మా కాడ ఏనుగులు ఉండాయి. రేయంతా టపాకాయలు కాల్చి తోలుతాము. తెల్లారేకి మంద అడవిలోకి ఎళ్లిపోతాది. యాడో ఒకటి మాత్రం చెరుకులోనే నిలిచిపోతాది. పోయినేడు మా చిన్నాయన అన్నీ పోయినాయని పొద్దన్నే నీళ్ల మడవ తిప్పేకి చేన్లోకి దిగినాడు. లోపల ఒంటి ఏనుగు ఉండె. మాకు శవం కూడా సక్కంగా దొరకలే."

చెరుకు మనిషెత్తు దాటితే అందులో ఏనుగు నిలబడి ఉన్నా పది అడుగుల దూరం నుంచి కనపడదట. పై నుంచి చూస్తే మాత్రం తెలుస్తుంది. అందుకని పొద్దున్నే ఈ బండిని చేను మీద తిప్పి, కెమెరా పంపే బొమ్మను ఇంటి ముందు పెట్టిన చిన్న టీవీలో చూసి, ఏమీ లేదంటేనే మనుషులు దిగాలని ఆయన ఆలోచన. ఆయన భార్య రత్నమ్మ రోజూ ఆవులకు గడ్డి కోసుకొచ్చేది ఆ గట్ల మీద నుంచే.

"ఆయమ్మ గడ్డికి పోయి తిరిగొచ్చే దాకా నాకు పానం నిలవదు నా," అన్నాడు. "బండి పైకి లేస్తాండాది. టెంకాయ చెట్టంత పోయేకి టీవీలో బొమ్మ కొట్టుకుంటాది, ఒక ఫ్యాను తడబడతాది, దబ్బుమని పడతాది. బ్యాటరీ సూస్తే బాగానే ఉండాది. యాల పడతాదో, కారణమే తెలీలేదు."

నా ఎగతాళి అక్కడితో ఆగిపోయింది. కూర్చోమని టీ తెప్పించాను.

మల్టీమీటరు పెట్టి చూస్తే బ్యాటరీ పన్నెండు వోల్టుల పైనే చూపించింది. ఇక్కడే చాలామంది మోసపోతారు. పని చెయ్యకుండా కూర్చున్నప్పుడు ఏ బ్యాటరీ అయినా పహిల్వానే. బరువు ఎత్తించి చూడాలి. మేము దాన్ని లోడ్ మీద చూడడం అంటాం. ఎగిరిపోకుండా బండిని ఒక పాత ట్రాన్స్‌ఫార్మరుకు తాడేసి కట్టాను. నారాయణప్ప రిమోటుతో నాలుగు ఫ్యాన్లనూ పూర్తిగా తిప్పాడు. షాపులో కాగితాలన్నీ లేచిపోయాయి. అప్పుడు బ్యాటరీ కొసన పదకొండున్నర వోల్టులు ఉంది, బోర్డు దగ్గర మాత్రం తొమ్మిది. రెండున్నర వోల్టులు దారిలోనే ఎవరో మింగేస్తున్నారు. దీనికి పేరు వోల్టేజ్ డ్రాప్.

తీగ వెంబడే వేలు పోనిచ్చాను. ఒక అతుకు దగ్గర చుర్రుమంది. విప్పి చూస్తే ఇళ్లలో బల్బులకు లాగే సన్న తీగ, రెండు కొసలూ కలిపి మెలేసి పైన నల్ల టేపు చుట్టాడు. మా వైపు ఇళ్ల వైరింగంతా అట్లాగే చేస్తారు. బల్బుకు అది చాలు. ఒక్కొక్కటీ పది ఆంపియర్లు లాగే నాలుగు మోటార్లకు చాలదు. బండి పైకి లేచే కొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది, లాగే కొద్దీ అతుకుల్లో వోల్టేజీ పోతుంది, చివరికి బోర్డుకు అందక అది ఒక్క క్షణం మూర్ఛపోతుంది. అంతే, బండి కింద పడుతుంది.

"నా పనే తప్పు పట్టినావు కద నా," అని నారాయణప్ప మొదటిసారి నవ్వాడు.

"తప్పు నీది కాదప్పా, నీ తీగది," అన్నాను.

మరుసటి రోజు సాయంత్రానికి ఇస్తానని చెప్పి పంపించాను. ఆయన పుంగనూరులో చుట్టాల ఇంట్లో ఉండి వస్తానన్నాడు. తీగలన్నీ పీకేసి లావు రాగి తీగ వేశాను. ప్రతి అతుకునూ సోల్డరింగ్ చేశాను, అంటే సీసం కరిగించి అతికించాను. బోర్డుకూ కెమెరాకూ వేరే దారిలో స్థిరమైన వోల్టేజీ ఇచ్చాను. లోడ్ మీద చూస్తే డ్రాప్ అర వోల్టు కూడా లేదు. పని అక్కడితో అయిపోయింది. అక్కడితో లేచి చేతులు కడుక్కుని ఉంటే ఈ రోజు ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

గోతం అడుగున ఇంకో బ్యాటరీ కనిపించింది. ఉబ్బిపోయి ఉంది. ఆ రకం బ్యాటరీలు తేలిక, కానీ సుకుమారం. అడుగంటా వాడేస్తే ఇట్లాగే ఉబ్బి చచ్చిపోతాయి. ఆయన బెంగళూరుకు పోయి తెచ్చుకున్న వస్తువు ఒకటి అప్పుడే పాడైపోయింది. రెండోది కూడా ఇట్లాగే పోతే పాపం ఏం చేస్తాడని నాకు నిజంగా జాలి వేసింది. లేచి వెళ్లి, కారు హారన్లకు వాడే గట్టి రిలే ఒకటి తెచ్చాను. వోల్టేజీ పది కిందికి వస్తే కట్ అయ్యేటట్టు చిన్న సర్క్యూట్ కట్టాను. ఫ్రిజ్జులకు చేసినట్టే, ఒకసారి కట్ అయితే స్విచ్చి తీసి మళ్లీ వేస్తే గానీ కలవకుండా చేశాను. బోర్డు కింద అందంగా ఇమిడింది. పైన టేపు కూడా చుట్టాను. నా పనితనం చూసుకుని నేనే మురిసిపోయాను.

ఫ్రిజ్జు నేల మీద ఉంటుంది. ఆపితే ఆగుతుంది. గాలిలో ఉన్నదాన్ని ఆపితే ఏమవుతుందో పద్దెనిమిదేళ్ల అనుభవం ఉన్న నా బుర్రకు తట్టలేదు. పనిమంతుడు పందిరి వేస్తే కుక్క తోక తగిలి కూలిందట.

నారాయణప్ప వచ్చాక టమోటా మండీ వెనక ఖాళీ జాగాలో ఎగరేసి చూశాం. మంచి ఎండ, గాలి లేదు, బ్యాటరీ నిండుగా ఉంది. బండి టెంకాయ చెట్టు దాటి పైకి పోయి, చుట్టూ తిరిగి, ఆయన కాళ్ల దగ్గరే దిగింది. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏమేం మార్చావన్నా అని అడిగాడు కూడా. "తీగలు మార్చినా, అంతా సరిగ్గా ఉండాది, పో," అన్నాను. రిలే మాట ఎత్తలేదు. దాచిపెట్టాలని కాదు. అలవాటు లేదు, అంతే.

తర్వాత నెలన్నర రోజుల్లో మూడుసార్లు ఫోన్ చేశాడు. ఒకరోజు చెరుకులో నిజంగానే ఒంటి ఏనుగు టీవీలో కనపడిందని, ఆ రోజు ఎవరూ దిగలేదని చెప్పాడు. "ఇప్పుడు ఊర్లో ఆడోళ్లంతా మా ఇంటికాడికే వస్తాండారు నా. బండి తిరిగినాకనే కొడవలి పట్టేది," అన్నాడు. ఆ మాట నేను టీ అంగట్లో కనపడిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. అందులో సగం గొప్ప నాదే అన్నట్టు చెప్పుకున్నాను.

డిసెంబరులో ఫోన్లు ఆగిపోయాయి. పంట పనుల్లో ఉన్నాడేమో అనుకున్నాను.

సంక్రాంతి దాటిన వారానికి, పొద్దున షట్టరు ఎత్తేసరికి ఒకామె మెట్టు మీద కూర్చుని ఉంది. పక్కన అదే రాగుల గోతం. నుదుట బొట్టు లేదు. "నేను నారాయణప్ప ఇంటామెను," అంది.

లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. ఆమె ఏడవలేదు. ఏడవడం అయిపోయిన మనిషిలా ఉంది. జరిగింది ఒక్కొక్క మాటగా చెప్పింది.

"ఆ పొద్దు మంచు జాస్తిగా ఉండె. గాలి కూడా కొడతాండె. ఆయప్ప రిమోటు పట్టుకోని, నేను టీవీ ముందర. చెరుకు సగం సూసినాము, యేమీ లే. సగం కాడ ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా నిలిచిపోయినాయి. టీవీలో బొమ్మ ఆరిపోయినాది. రాయి పడినట్ల పడె బండి. సూసిన జాగాలోనే గదా పడినాది, తెచ్చుకుంటానని దిగినాడు. వొద్దంటి. వినలే. పడింది సూసిన జాగాలో కాదన్నా, ఇంగా అవతలికి, సూడని సగంలో. ఏనుగు ఆడే ఉండె."

కుప్పం ఆసుపత్రికి తీసుకుపోతుండగానే ప్రాణం పోయిందట.

ఆమె గోతం నా వైపు జరిపింది. "ఒక రెక్క ఇరిగింది. మిగతాదంతా బాగుండాది. ఇంటికాడ నేను స్విచ్చి వేస్తే మిగతా ఫ్యాన్లు తిరిగినాయన్నా. మంచిగా ఉండేది మధ్యలో యాల నిలిచిపోయినాదో సూడు. దీన్ని మళ్ల ఎగరేయల్ల. ఊర్లో ఆడోళ్లు గడ్డికి దిగల్ల గదా. నేనే నేర్చుకుంటా."

స్విచ్చి వేస్తే తిరిగాయి అన్నప్పుడే నాకు తెలిసిపోయింది. అయినా మీటరు పెట్టాను. బ్యాటరీ ఉబ్బలేదు. అందులో ఇంకా మూడో వంతు కరెంటు మిగిలే ఉంది. చలికి ఆ రకం బ్యాటరీలు నీరసపడతాయి. గాలికి నిలవడానికి మోటార్లు ఎక్కువ లాగాయి. వోల్టేజీ ఒక్క క్షణం పది కిందికి వంగింది. నేను పెట్టిన రిలే, నేను చెప్పినట్టే, కట్ చేసింది. స్విచ్చి తీసి వేసే దాకా కలవకుండా కూర్చుంది. గాలిలో దాని స్విచ్చి ఎవరు తీసి వేస్తారు? బ్యాటరీ మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని నేను బాగా కాపాడాను.

బ్యాటరీ పాతబడింది తల్లీ, చలికి అట్లా అవుతుంది అని చెప్పి పంపించేయవచ్చు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. రిలే మీద టేపు విప్పుతూ రెండు నిమిషాలు ఆ ఆలోచనతోనే ఉన్నాను. ఎదురుగా ఆమె నా చేతుల వైపే చూస్తోంది.

"అమ్మా, ఇది నేను పెట్టింది," అన్నాను. "బ్యాటరీ పాడవకుండా ఆపుతుందని పెట్టినాను. ఆ పొద్దు ఇదే ఆపేసింది. ఇది లేకుంటే బ్యాటరీ పోయిండేదేమో గానీ బండి దిగిండేది."

ఆమె దాన్ని వేలితో తాకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇది పెట్టినట్టు ఆయప్పకు సెప్పినావా?"

"చెప్పలేదమ్మా."

"యాల సెప్పలే?"

వేలమందికి పెట్టెలు అమ్మాను, ఎవరికీ అర్థం కాదనుకుని ఎవరికీ చెప్పలేదు. కానీ ఈయన ఆ బండి మొత్తం సొంత చేతులతో కట్టినవాడు. చెబితే అర నిమిషంలో అర్థం చేసుకునేవాడు, అర్థం చేసుకుని వెంటనే తీసేయమనేవాడు.

రత్నమ్మ మెల్లగా అంది. "కరెంటు అయిపోవస్తాంటే ఫ్యాన్ల సద్దు మారుతాదంట అన్నా. సన్నగా అయితాదంట. అది వినపడతానే దించేస్తాండె ఆయప్ప. నాకూ నేర్పించినాడు, చెవి పెట్టి వినమని. ఆ పొద్దు ఇద్దరం వింటానే ఉండాము. సద్దు మారనే లే."

ఆయన దగ్గర ఆయన లెక్క ఒకటి ఉంది. నాకంటే మంచి లెక్క. రిలే పెట్టి నేను ఆపింది బండిని ఒక్కదాన్నే కాదు, బండి ఆయనకు చేయబోయే హెచ్చరికను కూడా. తల మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, లేచి పోనూ లేదు.

ఆ రోజంతా కూర్చుని రిలే పీకేశాను, రెక్క మార్చాను. బ్యాటరీ నీరసపడే కొద్దీ గట్టిగా అరిచే చిన్న బజర్ ఒకటి పెట్టాను. ఈసారి ఒక్కొక్క తీగనూ చూపించి అది ఎందుకో చెప్పాను. ఆమె ఒక్కొక్కటీ తిరిగి నాకు అప్పజెప్పింది. సగం రోజులో నేర్చుకుంది. అర్థం కాదనుకున్న నా పద్దెనిమిదేళ్లూ నా మొహాన కొట్టినట్టయింది.

పోతూ పోతూ బల్ల మీదున్న రిలే చూపించి, "దాన్ని ఇట్లియ్యన్నా," అంది.

"ఎందుకమ్మా అది?"

"ఆయప్ప కట్టిన బండి సరిలేదంట, అందుకే పడినాదంట. ఊర్లో అట్ల అంటాండారు. కూలోళ్ల నుంచి మా మామ దాకా అదే మాట. నేనేం సెప్పినా నమ్మరు. దీన్ని సూపించి సెప్తా."

ఇచ్చాను. చీర కొంగులో ముడి వేసుకుని, గోతం చంకన పెట్టుకుని పుంగనూరు బస్సు ఎక్కింది.

ఆ తర్వాత నేను ఇచ్చిన ప్రతి పెట్టె లోపలా ఒక కాగితం అంటిస్తున్నాను. ఏం పెట్టాను, ఎందుకు పెట్టాను, అది ఎప్పుడు ఆపుతుంది, ఆపితే ఏం చెయ్యాలి, అన్నీ తెలుగులో రాసి. చదవడం రానివాళ్లకు నోటితో చెబుతాను, వాళ్ల చేత తిరిగి చెప్పించుకుంటాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.

కుప్పం వైపు వాళ్లెవరైనా ఇది చదివితే ఒక మాట. నారాయణప్ప చేతిపనిలో తప్పేమీ లేదు. తప్పు చేసింది నేను. ఆమె ఒక్కతే చెబితే నమ్మరేమో, మీరు కూడా చెప్పండి.